పక్కింటాయన పొలంలో ఏడు గుంటల బీడు

మా పక్కింటి పెద్దాయన పొలం నడిమధ్యలో ఏడెనిమిది గుంటల బీడు ఉండేది. చుట్టూ నిగనిగలాడే పచ్చిక, మధ్యలో ఇది మాత్రం ముళ్లచెట్లతో, బ్లాక్‌బెర్రీ తీగలతో చిట్టడివిలా. దగ్గరికి వెళ్తే గుండ్రంగా నడుమెత్తు మట్టికట్ట, దాని బయట సగం పూడిపోయిన కందకం. గడ్డి కోసే కాంట్రాక్టరు ట్రాక్టరు కట్ట దాకా వచ్చి, అక్కడ వంపు తిరిగి, దాని చుట్టూ కోసుకుంటూ పోయేది. మా వైపు గట్టు జరిపి జానెడు కలుపుకోవడానికి అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. ఈయనేమిటి, ఇంత నేల ఊరికే వదిలేశాడు అనుకున్నాను.

ఐర్లాండ్ పడమటి వైపు క్లేర్ జిల్లా, కొరోఫిన్ అనే చిన్న ఊరి శివారు. 2000 తర్వాత ఆ దేశం మన నర్సుల్ని పెద్ద ఎత్తున తీసుకుంది. అందులో మలయాళీలే ఎక్కువ, మాలాంటి తెలుగువాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు. నేను ఎన్నిస్‌లో ముసలివాళ్లుండే ఒక నర్సింగ్ హోమ్‌లో చేసేదాన్ని, మా ఆయన లిమరిక్‌లో. టౌన్లో అద్దెలు మండిపోతుంటే ఊరి చివర పాత ఇల్లు ఒకటి తక్కువకు దొరికింది. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా ఆ బీడే.

"అదేంటండీ?" అని మొదట్లోనే అడిగాను.

"ఫోర్ట్."

"రాజుల కోటా?"

"కాదమ్మాయ్. వాళ్లది."

"ఎవరిది?"

పెద్దాయన టోపీ సర్దుకుని, వానొచ్చేలా ఉంది అన్నాడు. క్లేర్‌లో వానెప్పుడూ వచ్చేలాగే ఉంటుంది కాబట్టి ఆ మాట ఎప్పుడు కావాలంటే అప్పుడు పనికొస్తుంది.

చదివితే తెలిసింది, అది రాజుల కోట కాదు. క్రీ.శ. 500 నుంచి 1000 మధ్య కాస్త కలిగిన రైతులు ఇల్లూ పశువులూ కాపాడుకోవడానికి చుట్టూ కట్టపోసుకున్న ప్రహరీ అది. దేశం మొత్తం మీద ఇప్పటికీ 40,000 పైనే మిగిలాయి. లోపలి చెక్క ఇళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి, గుండ్రటి కట్ట మిగిలింది. తర్వాత వచ్చిన జనం దాన్ని 'వాళ్ల'కు అప్పజెప్పేశారు. వాళ్లంటే ఫెయిరీలు. ఆ పేరు వినగానే మనకు రెక్కలు, మంత్రదండం ఉన్న చిన్నపిల్ల బొమ్మ గుర్తొస్తుంది. క్లేర్‌లో సంగతి వేరు. వాళ్లు మనలాగే ఉంటారు. పశువులు మేపుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, రాత్రిళ్లు హర్లింగ్ అనే కర్రా బంతీ ఆట ఆడతారు. జోలికి వెళ్లకపోతే ఏమీ అనరు. వెళ్తే మాత్రం వదలరు. అందుకే పేరు పెట్టి పిలవడం కూడా తక్కువే. 'మంచివాళ్లు' అంటారు, లేదంటే 'అటువైపు వాళ్లు' అంటారు.

"మీరు నమ్ముతారా?" అని ఒకసారి నిలదీశాను.

"నేనా? అస్సలు నమ్మను. వాళ్లున్నారు గానీ, నేను మాత్రం నమ్మను."

ఆ దేశంలో సగం మంది ఇదే జవాబు చెప్తారని తర్వాత తెలిసింది.

నాకిది మరీ వింతగా ఏమీ అనిపించలేదు. మాది మణుగూరు. మా నాయనమ్మ వాళ్ల ఊరు జానంపేట దగ్గర. అక్కడ రాతిపలకలు నాలుగు వైపులా నిలబెట్టి పైన పెద్ద బండ మూత పెట్టిన గూళ్లు, వాటి చుట్టూ గుండ్రంగా పేర్చిన రాళ్లు కనిపిస్తాయి. ఎప్పటివో సమాధులు. ఊళ్లోవాళ్లకు మాత్రం అవి రాక్షస గుళ్లు. అంతంత బండలు మామూలు మనుషులు ఎత్తగలరా అని నాయనమ్మ వాదన. మేకలు కాసే పిల్లలు వానొస్తే వాటి చాటునే నిలబడేవాళ్లు గానీ, పొద్దుగూకితే ఎవరూ అటు వెళ్లేవాళ్లు కాదు.

ఆ మాట చెప్తే పెద్దాయనకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. మరుసటి ఆదివారమే మమ్మల్ని కారెక్కించాడు. నిజానికి కారు మాదే, దారి ఆయనది. కిల్నబోయ్ పాడుబడ్డ చర్చి ద్వారం మీద బరితెగించి కూర్చున్న ఆడబొమ్మను చూపించి తల పక్కకు తిప్పుకున్నాడు. లెమానే కోట దగ్గర ఆపమన్నాడు. కప్పు లేదు, గోడలూ కిటికీలూ మిగిలాయి. మయిరా రూవా అనే ఎర్రజుట్టు దొరసాని కోపమొస్తే పనివాళ్లను పై నుంచి వేలాడదీసేదని కథ. అది చెప్తున్నంతసేపూ ఆయన ఆమె వైపే మాట్లాడాడు, పనివాళ్లదే ఏదో తప్పన్నట్టు. అక్కడి నుంచి కుడికి తిరిగితే బరెన్. చెట్టు లేదు, చేను లేదు, కనుచూపు మేర బూడిదరంగు సున్నపురాయి. రాతి నెర్రెల్లో ఫెర్న్ ఆకులు, వసంతంలో వేలి గోరంత నీలం పూలు. పశువుల్ని మనం ఎండాకాలంలో కొండలకు తోలతాం, వాళ్లు చలికాలంలో ఈ రాళ్ల మీదికి తోలతారు. ఎండాకాలమంతా తాగిన వేడిని ఆ రాయి మెల్లగా వదులుతుందట, అడుగు నేల పొడిగా ఉంటుంది, మేతా దొరుకుతుంది.

ఆ రాళ్ల మధ్య పౌల్నబ్రోన్. నిలబెట్టిన పలకల మీద ఒక పక్కకు ఎత్తి పెట్టిన పెద్ద బల్లబండ. అయిదున్నర వేల ఏళ్లకు పైబడిన సమాధి. చూడగానే నాకు నవ్వొచ్చింది. రాక్షసులు ఇక్కడికీ వచ్చారన్నమాట! ఇక్కడివాళ్లకు ఇలాంటివి డియర్మడ్, గ్రోనియా పడుకున్న మంచాలు. ముసలి వీరుడికి పెళ్లి నిశ్చయమైన పిల్ల, అతని సైనికుణ్ణే తీసుకుని పారిపోయింది. తరుముతున్నారు కాబట్టి ఒకచోట పడుకున్న రాత్రి మళ్లీ అక్కడ పడుకోకూడదు. దేశమంతా ఇన్ని రాతిగూళ్లు ఎందుకున్నాయో దాంతో తేలిపోయింది.

పౌల్నబ్రోన్‌లో 1986లో తవ్వకాలు చేశారు, నిలువు రాయి ఒకటి పగిలిందని బాగుచేయబోతూ. లోపల ముప్పై మందికి పైగా మనుషుల ఎముకలు కలగలిసి దొరికాయి. నర్సును కదా, ఆ వివరాలు పట్టి పట్టి చదివాను. చాలామందికి మెడ, భుజాల దగ్గర కీళ్లు అరిగిపోయి ఉన్నాయి, జీవితమంతా బరువులు మోసినందుకు. ఒకరి తుంటి ఎముకలో చెకుముకి రాయి లాంటి ములికి విరిగి అలాగే ఉండిపోయింది. అవన్నీ పెట్టిన తర్వాత ఎన్నో వందల ఏళ్లకు, కంచు యుగంలో, ఎవరో వచ్చి సమాధి వాకిట్లో అప్పుడే పుట్టిన బిడ్డను పాతిపెట్టి వెళ్లారు. అది చదివిన రోజు పెద్దగా పట్టించుకోలేదు.

మే ఒకటో తారీకు ముచ్చట చెప్పాలి. ఇంటికి ఎన్నిస్ నుంచి స్నేహితులొచ్చారు, టీకి పాలు చాల్లేదు. గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లాను. అడక్కుండానే గుడ్లు, బంగాళాదుంపలు గుమ్మంలో పెట్టి పోయే మనిషి, ఆ రోజు గడపలో అడ్డంగా నిలబడ్డాడు. మొహం కందిపోయింది. "ఇవాళ కుదరదమ్మాయ్" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను గేటు దాటకముందే కారు తీశాడు. పావుగంటకు కొరోఫిన్ షాపు నుంచి రెండు లీటర్ల పాలు తెచ్చి నా చేతికిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. మే మొదటి రోజు ఇంట్లోంచి పాలు గానీ వెన్న గానీ నిప్పు గానీ బయటికి పోతే, ఆ ఏడాదంతా ఆ ఇంటి పాడి అదృష్టం దాంతోపాటే పోతుంది. షాపు పాలకు ఆ బాధ లేదు! మా నాయనమ్మ దీపం పెట్టాక ఎవరొచ్చి అడిగినా ఉప్పు, మజ్జిగ ఇచ్చేది కాదు. కాకపోతే ఆమె కారు తీసుకుని షాపుకు వెళ్లేది కూడా కాదు.

మా ఆయనకు ఇవన్నీ ఎగతాళి. ఒక నవంబరు సాయంత్రం పొగమంచులో రోజూ అడ్డదారిన దాటి వచ్చే పొలంలోనే ఆయనకు గేటు దొరకలేదు. కంచె పట్టుకుని చుట్టూ తిరిగాడట, గేటు లేదు. ఇంటికొచ్చేసరికి ప్యాంటు మోకాళ్ల దాకా బురద. మర్నాడు పెద్దాయన వివరం విని, ఏమీ వింతపడకుండా, "తోవ తప్పించే గడ్డి తొక్కావు. జాకెట్ విప్పి తిరగేసి వేసుకోవాల్సింది, గేటు కనపడేది" అన్నాడు. ఇప్పటికీ హైదరాబాద్‌లో గూగుల్ మ్యాప్ మమ్మల్ని ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకో తోలితే, చొక్కా తిరగేసుకోమంటాను.

కథలు ఆయన దగ్గర తరగని గని. బిడ్డీ ఎర్లీ గురించి ఎన్నిసార్లు చెప్పాడో. ఫీకల్ వైపు ఉండేది, నీలం సీసాలోకి చూసి రోగం చెప్పేది, ఆకు మందులిచ్చేది. ఫాదర్లకు ఆమెంటే పడదు. మంత్రగత్తె అని 1865లో ఎన్నిస్‌లో కేసు పెడితే సాక్షులు నోరు విప్పలేదు, కేసు పోయింది. 1874లో చనిపోయింది. క్లేర్ హర్లింగ్ జట్టు 1914లో ఆల్ ఐర్లాండ్ పోటీ గెలిచాక మళ్లీ 1995 దాకా గెలవలేదు కదా, అది బిడ్డీ ఎర్లీ శాపమే అని జిల్లా అంతా చెప్పుకుంది. ఆ పోటీలు నడిపే సంఘం పుట్టిందే 1884లో, ఆమె పోయిన పదేళ్లకు. ఈ లెక్క నేను ఎత్తితే పెద్దాయన, "ముందుచూపు ఉన్న మనిషి" అన్నాడు.

షానన్ ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లే పెద్ద రోడ్డు పక్కన లటూన్ దగ్గర ఒంటరి ముళ్లచెట్టు ఒకటుంది. 1999లో రోడ్డు వెడల్పు కోసం దాన్ని కొట్టేయబోతే, ఎడ్డీ లెనిహన్ అనే కథకుడు పత్రికలకెక్కాడు. దక్షిణాన ఉన్న మన్‌స్టర్ ప్రాంతపు ఫెయిరీలు పడమటి కొనాక్ట్ ఫెయిరీలతో యుద్ధానికి వెళ్తూ కూడుకునే చోటు అది, కొట్టేస్తే ఆ రోడ్డు మీద ప్రమాదాలు తప్పవు అన్నాడు. ప్రపంచమంతా నవ్వింది. ఇంజనీర్లు చెట్టును వదిలి రోడ్డు వేశారు. 2002లో ఎవరో రాత్రికి రాత్రి రంపంతో కొమ్మలన్నీ నరికిపోతే మళ్లీ చిగురించింది. నైట్ డ్యూటీ ముగించుకుని అటు వెళ్లినప్పుడల్లా నా చూపు దాని మీదికే పోయేది. నాతోపాటు కారులో ఉండే కేరళ స్నేహితురాలు శిలువ గుర్తు వేసుకునేది, చెట్టుకా, రోడ్డుకా అని అడగలేదు.

అన్నీ ఇలా నవ్వుకునే కథలే అయితే బాగుండేది. ఎన్నిస్ లైబ్రరీలో బ్రిజిట్ క్లియరీ గురించి చదివాను. టిప్పరరీ జిల్లా, 1895. ఇరవై ఆరేళ్ల పిల్ల, కుట్టుపని చేసి సొంతంగా సంపాదించుకునేది. జబ్బు పడింది. ఇది నా భార్య కాదు, నా భార్యను ఫెయిరీలు ఎత్తుకుపోయి వాళ్ల మనిషిని ఇక్కడ పెట్టారు అన్నాడు మొగుడు. చుట్టాలంతా చూస్తుండగా ఆకు కషాయాలు బలవంతంగా పోశారు, చివరికి మొగుడు ఆమెను తగలబెట్టాడు. అసలు భార్య దగ్గర్లోని ఫోర్ట్ నుంచి తెల్లగుర్రం మీద వస్తుందని కాచుకుని కూర్చున్నాడట. పదిహేనేళ్లు జైల్లో ఉన్నాడు. చేతబడి చేస్తున్నారని మనుషుల్ని చంపిన వార్తలు చదివిన ప్రాంతం నుంచి వచ్చినదాన్ని, ఇది నాకు దూరం దేశపు కథలా అనిపించలేదు. పెద్దాయన దగ్గర ఎత్తితే ఆ ఒక్కసారి వాన సంగతి కూడా మాట్లాడలేదు. "అది వాళ్లు చేసింది కాదు, మనుషులు చేసింది" అని మాత్రం అన్నాడు.

ఆయన 1926లో పుట్టాడు. 1937, 38ల్లో ఐర్లాండ్ ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. అయిదు వేల బడుల్లో పిల్లలకు నోటుపుస్తకాలిచ్చి, ఇంట్లో ముసలివాళ్లను అడిగి ఊరి కథలు, మందులు, నమ్మకాలు రాసుకురమ్మంది. యాభై వేల మంది పిల్లలు రాశారు. అవన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టారు, ఆ చిన్నపిల్లల చేతిరాతతో సహా చదువుకోవచ్చు. పెద్దాయనా రాశాడు. పులిపిర్లకు మందు రాశాడట, రాతి గుంటలో నిలిచిన వాననీళ్లు. కరువులో తిండిలేక మనిషి పడిపోయిన చోట మొలిచే ఆకలిగడ్డి గురించి రాశాడట, దాని మీద అడుగేస్తే ఎక్కడలేని ఆకలి పుట్టి సొమ్మసిల్లుతారు, జేబులో రొట్టెముక్క ఉండాలి. "మరి మీ ఫోర్ట్ గురించి?" అన్నాను. "దాని గురించి రాయొద్దన్నాడు మా నాన్న." ఎందుకని అడగబోతే కెటిల్ పెట్టడానికి లేచాడు.

ఊళ్లోవాళ్లు ఇంకో సంగతి చెప్పారు. 1973లో ఐర్లాండ్ యూరప్ కూటమిలో చేరాక నేల చదును చేసుకునే రైతులకు డబ్బులొచ్చాయి. ఆ రోజుల్లో చాలా ఫోర్ట్‌లు బుల్డోజర్ల కింద పోయాయి. పెద్దాయన పొలానికీ ఒక బుల్డోజర్ వాడు వచ్చాడు, సగం రేటుకే చేస్తానన్నాడు. ఎవరితోనూ గొంతెత్తని మనిషి, వాణ్ణి గేటు దాకా తరిమాడట. ఫెయిరీలంటే అంత భయం పాపం అని చెప్పుకుని నవ్వుకునేవాళ్లు.

2007 ఏప్రిల్‌లో ఒక పొద్దున్న, పిల్లవాడి కోసం గుడ్లు తెచ్చుకుందామని వెళ్లాను. ఆయన రోజూ క్లేర్ ఎఫ్ఎంలో చనిపోయినవాళ్ల పేర్లు చదివేది వినేవాడు. ఆ రోజు రేడియో కట్టేసి ఉంది. బల్ల మీద పేపరు. వాటికన్ వేదాంత పండితులు లింబో గురించి ఏదో పత్రం విడుదల చేశారు. బాప్తిస్మం ఇవ్వకముందే పోయిన పసిబిడ్డలు స్వర్గానికి పోలేక మధ్యలో ఎక్కడో ఉండిపోతారని తరతరాలుగా చెప్తూ వచ్చారు కదా, అలా కాదు, ఆ బిడ్డలకూ మోక్షం దొరుకుతుందని ఆశించడానికి కారణాలున్నాయి అని ఇప్పుడంటున్నారు.

"మా చెల్లి అక్కడుంది" అన్నాడు, కిటికీ వైపు గడ్డం చూపించి.

ఆయనకు ఏడేళ్లప్పుడు వాళ్లమ్మకు బిడ్డ పుట్టి, ఫాదర్ వచ్చేలోపే పోయింది. బాప్తిస్మం కాలేదు కాబట్టి చర్చి శ్మశానంలో చోటు లేదు. అలాంటి పిల్లల్ని ఊరి ఎల్లల్లోనో, పాత ఫోర్ట్‌లలోనో పొద్దుగూకాక తండ్రి ఒక్కడే తీసుకెళ్లి పెట్టి రావాలి. తల్లి వెళ్లకూడదు. పేరు ఉండదు, రాయి మీద రాత ఉండదు. వాళ్ల నాన్న చెక్కపెట్టె చంకలో పెట్టుకుని, లాంతరు పట్టుకుని పొలంలోకి నడవడం ఈయన మేడమీది కిటికీలోంచి చూశాడు. ఆ ఫోర్ట్‌లో వాళ్ల చెల్లి ఒక్కతే కాదట, చుట్టుపక్కల ఇళ్ల బిడ్డలు చాలామంది ఉన్నారట. ఆ ఇళ్లవాళ్లందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు. ఫెయిరీల మాట ఎత్తుతారు.

ప్రసూతి వార్డులోనూ పనిచేసినదాన్ని, పోయిన బిడ్డలను గుడ్డలో చుట్టి ఇచ్చినదాన్ని, నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. మా వైపూ పసిపిల్లల్ని కాల్చరు, పాతిపెడతారు అని ఏదో అన్నాను. "వానలో తడవకుండానా?" అన్నాడు. ఏమో, తడిసే ఉంటారు అన్నాను.

ఆ వేసవిలో ఒకసారి నన్ను లోపలికి తీసుకెళ్లాడు. కట్ట దాటగానే గాలి ఆగిపోయింది. నేల మీద నాచు పట్టిన గుండ్రాళ్లు, పిడికిలంత తెల్లటి పలుగురాళ్లు కొన్ని, చూస్తే వాటంతట అవి పడి ఉన్నట్టే ఉంటాయి. వరస తెలిసినవాళ్లకే వరస. ముళ్లచెట్టు పూత రాలిపోతోంది. ఆ పూలు ఇంట్లోకి తెస్తే చావు వస్తుందంటారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లుతున్న మాంసం వాసన లీలగా తగిలింది. శవాల్లో పుట్టే రసాయనమే ఆ పూతలోనూ ఉందని తర్వాత ఎక్కడో చదివాను.

మేం తిరిగి వచ్చేసిన మరుసటి ఏడాది ఆయన పోయాడు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి పొలం డబ్లిన్‌లో ఉండే మేనల్లుడికి వచ్చింది. మేనల్లుడు ఇంజనీరు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడల్లా, మామయ్యా నీ ఫెయిరీలకు కరెంటు కనెక్షన్ ఇప్పించాలా అని ఆటపట్టించేవాడు. చెల్లి సంగతి ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు, నేను చెప్పలేదు. కేరళ స్నేహితురాలు ఇంకా ఎన్నిస్‌లోనే ఉంది, కబుర్లు ఆమె ద్వారానే. మొన్న ఫోన్‌లో చెప్పింది, మేనల్లుడు అక్కడ పశువుల షెడ్డు కట్టాడట. ఆ ఫోర్ట్ పురాతన కట్టడాల రికార్డులో ఉంది కాబట్టి దాని దగ్గర పని పెట్టాలంటే 2 నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఇచ్చాడు. ఇంత దూరం వదలండి అన్నారు అధికారులు. ఈయన దానికి రెండింతలు వదిలి కాంక్రీటు పోయించాడట. అంత జాగా ఎందుకు వృథా చేశారు అని ఆమె భర్త అడిగితే, ట్రాక్టరు తిరగడానికి అన్నాడట. ఆ ఊరి ట్రాక్టర్లన్నీ నేను చూసినవే. అంత జాగా దేనికీ అక్కర్లేదు.